కొన్న ఆట ఎవరిది?

టీవీకి తగిలించి గేములు ఆడుకునే సోనీ యంత్రం (కన్సోల్) ప్లేస్టేషన్ 5 ప్రో 2024 నవంబరు 7న ప్రపంచ మార్కెట్లోకి వచ్చింది. మన దేశానికి మాత్రం అప్పుడు రాలేదు. వచ్చిన దేశాల్లోనూ దానికి ఘనస్వాగతమేమీ దక్కలేదు. సెప్టెంబరు 10న ప్రకటన వెలువడిన రోజే గేమర్లు మండిపడ్డారు. ఆ రోజు ప్లేస్టేషన్ 5 రూపశిల్పి మార్క్ సెర్నీ 9 నిమిషాల వీడియోలో యంత్రం గొప్పతనమంతా వివరించి, చివర్లో ధర చెప్పారు. 699.99 డాలర్లు. మన డబ్బుల్లో అప్పటి లెక్కన దాదాపు 59 వేల రూపాయలు. పోనీ, అంత పెట్టి కొన్నా గేమ్ డిస్క్ పెట్టుకునే డ్రైవ్ అందులో ఉండదు. కావాలంటే మరో 80 డాలర్లు పోసి విడిగా తెచ్చుకోవాలి. మొదటి ప్లేస్టేషన్ 5 (పీఎస్5)తో పాటు పెట్టెలోనే వచ్చిన స్టాండుకు సైతం ఇప్పుడు 30 డాలర్లు. 2016లో ఇదే తరహాలో వచ్చిన పీఎస్4 ప్రో 399 డాలర్లకే దొరికింది. ఎనిమిదేళ్లలో ధర 300 డాలర్లు పెంచి, ఉన్న డ్రైవ్‌నూ పీకేస్తే కొనేవాడికి కడుపు మండదా?

పైగా ఆ వీడియోలో చూపించినవి దాదాపు అన్నీ జనం ఇప్పటికే ఆడేసిన గేములు. పాత పీఎస్5లో ఎలా కనిపిస్తాయో, ప్రోలో ఎలా కనిపిస్తాయో పక్కపక్కన పెట్టి చూపించారు. గేమర్లు వీడియోను ఆపి, పెద్దది చేసి తేడా కోసం వెతికారు. ఎక్కడో దూరాన ఉన్న మనుషుల ముఖాలు, గోడల మీది గీతలు కాస్త స్పష్టంగా కనిపించాయి. దీనికోసం 700 డాలర్లా అని అడిగారు.

యంత్రం నాసిరకమని మేము అనడం లేదు. బొమ్మలు గీసే చిప్‌లో లెక్కలు చేసే భాగాలు (కంప్యూట్ యూనిట్లు) 67 శాతం పెరిగాయి. స్టోరేజీ 2 టెరాబైట్లకు చేరింది. ఇప్పటిదాకా ఆటగాళ్లు బొమ్మ నాణ్యతో, వేగమో ఏదో ఒకటే ఎంచుకోవాల్సి వచ్చేది. నాలుగింట మూడొంతుల సందర్భాల్లో వాళ్లు వేగాన్నే ఎంచుకుంటున్నారని సెర్నీయే చెప్పారు. ఆ రెండింటినీ ఒకేచోట ఇవ్వడానికి పడిన కష్టం ప్రోలో కనిపిస్తుంది. ఇంజనీర్ల పనితనాన్ని తక్కువ చేయాల్సిన అవసరం లేదు.

‘ఇష్టమైతే కొనుక్కోండి, లేకపోతే మానేయండి. పాత మోడల్ ఎలాగూ ఉందిగా, ఆటవస్తువు కోసం ఇంత రాద్ధాంతమా’ అన్నది కంపెనీని వెనకేసుకొచ్చేవారి మాట. పైపైన చూస్తే ఇది సబబుగానే ఉంటుంది. డ్రైవ్ ఉన్న పీఎస్5 ఇంకా అమ్ముతున్న మాట కూడా నిజమే. కానీ ఒక కంపెనీ తన అత్యంత ఖరీదైన, అత్యుత్తమమైన మోడల్ నుంచి డిస్క్‌ను తీసేసిందంటే, రేపటి యంత్రాలు ఎటు పోతాయో వేరే చెప్పక్కర్లేదు. పోటీదారు మైక్రోసాఫ్ట్ సైతం 2024 అక్టోబరులోనే డ్రైవ్ లేని ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కన్సోల్‌ను మార్కెట్లోకి దించింది. గేమర్లకు వచ్చిన కోపంలో ధర సగమైతే, ఈ భయం మిగతా సగం.

డిస్క్ ఎందుకంత ముఖ్యమో మన ఇళ్లలో కన్సోల్ ఉన్న కుర్రాళ్లను అడిగితే తెలుస్తుంది. పెద్ద కంపెనీల కొత్త గేమ్ ఒక్కోటి దగ్గర దగ్గర ఐదు వేల రూపాయలు. పార్ట్‌టైమ్ పని చేసుకునే డిగ్రీ విద్యార్థికో, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికో అది చిన్న మొత్తం కాదు. అందుకే డిస్క్ కొంటారు. పూర్తిచేశాక కొంత తగ్గించి అమ్మేస్తారు. ఆ డబ్బుకు ఇంకొంత కలిపి మరొకటి తెచ్చుకుంటారు, లేదా స్నేహితుడితో మార్చుకుంటారు. సీనియర్ దగ్గరో కోఠి ఫుట్‌పాత్ మీదో సగం ధరకు పుస్తకాలు కొని, పరీక్షలయ్యాక మళ్లీ జూనియర్లకు అమ్మేసే పద్ధతి లాంటిదే ఇది. డౌన్‌లోడ్ చేసుకున్న గేమ్‌ను అమ్మలేరు, అరువు ఇవ్వలేరు. దానిమీద పెట్టిన ఐదు వేలలో పైసా వెనక్కి రాదు. 100 జీబీ దాటే గేములు ఇప్పుడు మామూలైపోయాయి. బ్రాడ్‌బ్యాండ్ సరిగా లేని ఊళ్లలో డిస్క్ లేకపోతే గేమ్ మొదలు కావడానికే రోజులు పడుతుంది.

ఇలాంటి కోపం ఒకసారి ఎంత పని చేసిందో గుర్తుచేసుకోవాలి. 2013 మే 21న అమెరికాలోని రెడ్‌మండ్‌లో మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ వన్‌ను ఆవిష్కరించింది. గేముల కోసం ఎదురుచూసిన జనానికి ఆ గంటసేపూ టీవీ చానళ్లు, ఫుట్‌బాల్ ప్రసారాలు, ధారావాహికల గురించే ఎక్కువ వినిపించింది. అసలు షాక్ ఆ తర్వాతి రోజుల్లో వివరాలు బయటికొచ్చే కొద్దీ తగిలింది. యంత్రం 24 గంటలకు ఒకసారైనా ఇంటర్నెట్‌కు కనెక్ట్ కావాలి. కాకపోతే డబ్బు పోసి కొన్న గేమ్ ఆడనివ్వదు. డిస్క్‌ను స్నేహితుడికి ఇవ్వాలంటే షరతులు. పాత డిస్క్ తిరిగి అమ్ముకోవచ్చా లేదా అన్నది గేమ్ తయారుచేసిన కంపెనీ దయ. కినెక్ట్ అనే కెమెరా, మైకు తగిలించి ఉంచితేనే కన్సోల్ పనిచేస్తుంది. సరిగ్గా ఆ ఏడాది జూన్‌లోనే అమెరికా నిఘా సంస్థల బాగోతాన్ని వాటిలో పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టారు. డ్రాయింగ్ రూములో ఎప్పుడూ మేల్కొని ఉండే కెమెరా అంటే ఎవరికి భయం వేయదు?

అప్పుడు ఎక్స్‌బాక్స్ విభాగం అధిపతి డాన్ మాట్రిక్. ఇంటర్నెట్ లేనివాళ్ల సంగతేమిటని అడిగితే, వాళ్లకోసం పాత ఎక్స్‌బాక్స్ 360 ఉందిగా అన్నారు. నెలల తరబడి సముద్రంలో ఉండే నావికులు, విదేశీ స్థావరాల్లో పనిచేసే సైనికులు కూడా ఈ కన్సోళ్లతోనే కాలక్షేపం చేస్తారు. వాళ్లందరికీ ఆ మాట పుండు మీద కారంలా తగిలింది.

జూన్ 10న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఈ3 అనే గేముల ప్రదర్శనలో మైక్రోసాఫ్ట్ 499 డాలర్ల ధర ప్రకటించింది. సాయంత్రం సోనీ వంతు వచ్చింది. పాత డిస్కులపై పీఎస్4లో ఎలాంటి ఆంక్షలూ ఉండవని వేదిక మీద చెప్పగానే హాలు దద్దరిల్లింది. ధర 399 అనగానే మరోసారి. సోనీ అంతటితో ఆగలేదు. గేమ్‌ను ఇతరులతో పంచుకోవడం ఎలాగో నేర్పుతామంటూ అర నిమిషం కూడా లేని ఒక వీడియో వదిలింది. అప్పటి సోనీ స్టూడియోల అధిపతి షుహే యోషిదా గేమ్ పెట్టెను పక్కనున్న సహోద్యోగి ఆడమ్ బోయిస్ చేతిలో పెడతారు. ఆయన థాంక్స్ చెబుతారు. అంతే, పాఠం అయిపోయింది. పక్షం తిరక్కుండానే, జూన్ 19న, మైక్రోసాఫ్ట్ మెట్టు దిగింది. 24 గంటల నిబంధన పోయింది. డిస్కులపై ఆంక్షలూ పోయాయి. జులై మొదట్లో మాట్రిక్ కంపెనీ వదిలి వెళ్లారు. మరుసటి ఏడాది, మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల సీఈఓ అయిన కొద్ది నెలలకే, కినెక్ట్ లేకుండా 399 డాలర్లకే ఎక్స్‌బాక్స్ వన్‌ను అమ్మకానికి పెట్టారు.

గేమ్ పెట్టెను చేతులు మార్చడాన్ని నాడు అంత గర్వంగా ప్రచారం చేసుకున్న కంపెనీ నేడు తన ఖరీదైన యంత్రానికి డిస్క్ దూర్చే సందే లేకుండా చేసింది. మమ్మల్ని ఎక్కువగా బాధించేది ఇదే. విడిగా అమ్మే డ్రైవ్ కొన్నా, మొదటిసారి బిగించినప్పుడు ఇంటర్నెట్‌కు కలిపి నమోదు చేయాల్సిందే. ప్రో ప్రకటన వచ్చాక ఆ డ్రైవ్‌ల కోసం జనం ఎగబడ్డారు. చాలాచోట్ల స్టాక్ అయిపోయి బ్లాక్‌లో ఎక్కువ రేటుకు అమ్మారు. డిస్కుల కాలం చెల్లిందనేవాళ్లు దీనికేం సమాధానం చెబుతారు?

తప్పు సరిదిద్దుకున్న కంపెనీలు లేకపోలేదు. 2011 ఫిబ్రవరిలో జపాన్‌లో 25 వేల యెన్‌లకు వచ్చిన నింటెండో 3డీఎస్ అనుకున్నట్టు అమ్ముడుపోలేదు. ఆరు నెలలు కూడా గడవకముందే ధరను 15 వేల యెన్‌లకు తగ్గించారు. ముందుగా కొని నష్టపోయినవారికి 20 గేములు ఉచితంగా ఇచ్చారు. కంపెనీ అధ్యక్షుడు సతోరు ఇవాటా తన జీతాన్ని సగానికి కోసుకున్నారు. బాధ్యత అంటే అలా ఉంటుంది.

ఇప్పుడు సోనీని అలా ఒత్తిడి చేయగలవారు ఎవరు? 2013లో మైక్రోసాఫ్ట్‌ను దింపింది గేమర్ల కోపం ఒక్కటే అనుకుంటే పొరపాటు. వంద డాలర్లు తక్కువకు, ఆంక్షలు లేకుండా అమ్మే పోటీదారు ఎదురుగా నిలబడ్డాడు కాబట్టి దిగింది. ఇప్పుడా పోటీ పలచబడింది. మైక్రోసాఫ్ట్ తన గేములను కొన్నింటిని పోటీ కన్సోళ్ల మీద కూడా అమ్ముకుంటోంది. ఇంకో సంగతి ఉంది. జనం తమ డిజిటల్ గేముల లైబ్రరీని పేర్చుకున్న కన్సోళ్ల తరంలోనే తాము ఓడిపోయామని, ఓడిపోవడానికి అంతకన్నా చెడ్డ తరం లేదని ఎక్స్‌బాక్స్ అప్పటి అధిపతి ఫిల్ స్పెన్సర్ 2023లో ఒప్పుకున్నారు. ఆ మాటను కొనుగోలుదారు వైపు నుంచి చూడండి. నా యాభై గేములు ఒక కంపెనీ ఖాతాలో ఉంటే, ఆ కంపెనీ తర్వాతి యంత్రం ధర ఎంత పెట్టినా నేను కదల్లేను. కట్టిపడేసిన కస్టమర్ కోపానికి కంపెనీ ఎందుకు భయపడుతుంది?

అలాగని డిస్క్ ఉంటే చాలు, అంతా భద్రమనీ చెప్పలేం. యూబీసాఫ్ట్ కంపెనీ 2014లో విడుదల చేసిన ‘ది క్రూ’ అనే కార్ల గేమ్ సర్వర్లను 2024 మార్చి 31న మూసేసింది. సర్వర్ లేకపోతే ఆ గేమ్ ఒంటరిగా ఆడుకోవడానికి కూడా పనికిరాదు. డిస్క్ కొని దాచుకున్నవాడి చేతిలో మిగిలింది ఉత్త ప్లాస్టిక్ ముక్క. దీనిమీదే ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం పుట్టింది. యూరప్‌లో పౌరుల సంతకాలు సేకరించారు. కాలిఫోర్నియాలో అయితే ఏకంగా చట్టమే వచ్చింది. ఇచ్చేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అనే బటన్ పెట్టి డిజిటల్ సరుకు అమ్మడం 2025 జనవరి 1 నుంచి అక్కడ చెల్లదు.

గేమర్లకు కూడా ఒక మాట చెప్పాలి. ప్రకటన నచ్చకపోతే కొందరు డెవలపర్లను, కంపెనీ ఖాతాలు నడిపే చిరుద్యోగులను బూతులు తిడుతున్నారు, చంపేస్తామంటున్నారు. ధర నిర్ణయించేది వాళ్లు కాదు. డ్రైవ్ తీసేయమన్నదీ వాళ్లు కాదు. ఇలాంటివాళ్ల వల్లే న్యాయమైన కోపం కూడా అల్లరి మూకల గోల కింద జమ అవుతోంది. దీన్ని తోటి గేమర్లే అడ్డుకోవాలి.

ఇక మన దేశం సంగతి. ప్రోలో వైఫై 7 ఉంది. దానికి కావాల్సిన 6 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల బ్యాండ్‌కు ఇంకా అనుమతి ఇవ్వని దేశాల్లో యంత్రాన్ని విడుదల చేయడం లేదని, ఆ జాబితాలో ఇండియా కూడా ఉందని అప్పట్లో సోనీ చెప్పింది. అమెరికా ఆ బ్యాండ్‌ను లైసెన్సు అక్కర్లేని వాడకానికి 2020లోనే విడిచిపెట్టింది. మన దగ్గర మొబైల్ సేవలకు కావాలని టెలికం కంపెనీలు, వైఫైకి కావాలని టెక్నాలజీ కంపెనీలు పట్టుబడుతుంటే కేంద్రం అప్పట్లో ఎటూ తేల్చకుండా నాన్చింది. ఈలోగా ఆశ చంపుకోలేనివాళ్లు దుబాయ్ నుంచి అనధికారికంగా వచ్చే గ్రే మార్కెట్ సరుకు వైపు చూడాల్సి వచ్చింది. వారంటీ ఉండదు. పాడైతే బాగుచేసే దిక్కుండదు. అప్పట్లో కన్సోళ్లపై 28 శాతం జీఎస్టీ వసూలు చేసిన ప్రభుత్వం ఈ ఒక్క నిర్ణయమైనా త్వరగా తీసుకోవాల్సింది. సోనీ కూడా ఆ బ్యాండ్ పనిచేయకుండా ఆపి ఇక్కడ అమ్మే వీలుందేమో చూడాల్సింది.

అంతకన్నా ముఖ్యమైన పని వినియోగదారుల వ్యవహారాల శాఖ చేతిలో ఉంది. ఆన్‌లైన్ అమ్మకాల్లో కొనుగోలుదారును మభ్యపెట్టే 13 రకాల ఎత్తుగడలను 2023 నవంబరులో ఆ శాఖ పరిధిలోని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నిషేధించింది. ‘కొనండి’ అని డబ్బు తీసుకుని అద్దె హక్కు మాత్రమే చేతిలో పెట్టడాన్ని కూడా ఆ జాబితాలో చేర్చాలి. సర్వర్ మూసేముందు ఎన్ని నెలల గడువు ఇవ్వాలో, కొన్నవారికి డబ్బు ఎప్పుడు వెనక్కి ఇవ్వాలో, ఇంటర్నెట్ లేకుండా ఆడుకునేలా ఆఖరి అప్‌డేట్ ఇవ్వాల్సిన బాధ్యత ఎవరిదో అందులోనే రాయాలి. మన దగ్గర కన్సోల్ ఉన్న ఇళ్లు తక్కువే కావచ్చు. ఫోన్‌లో గేములకు, ఈ-పుస్తకాలకు, సినిమాలకు ఇదే షరతుల మీద డబ్బు కడుతున్నవారు కోట్లలో ఉన్నారు. ఈ నిబంధన వాళ్లందరికీ వర్తించాలి.