రాయి కన్నా ముందు జాబితా

ఘర్షణల్లో పోయినవాళ్లకు స్మారకం కట్టాలన్న తీర్మానం మీద మొన్నటి సర్వసభ్య సమావేశంలో చర్చంతా రాయి చుట్టూనే తిరిగింది. గ్రానైటా, పాలరాయా? ఆవిష్కరణకు ఎవరిని పిలవాలి? దాతల ఫలకం ఎక్కడ పెట్టాలి? ఎవరెవరి పేర్లు చెక్కాలన్నది మాత్రం 'కమిటీ చూసుకుంటుంది' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. స్మారకం ఊరటనిచ్చినా, మానుతున్న పుండును రేపినా ఆ జాబితా దగ్గరే.

1982లో వాషింగ్టన్‌లో ఆవిష్కరించిన వియత్నాం గోడ (ఆ యుద్ధంలో పోయిన అమెరికా సైనికుల స్మారకం) మీద 58 వేలకు పైగా పేర్లున్నాయి. అకారాది క్రమంలో పెడితే వెతకడం తేలికే గానీ, స్మిత్‌లే వందల్లో వరసకట్టి అది ఫోను డైరెక్టరీలా తయారయ్యేది. రూపకర్త మాయా లిన్ తేదీల క్రమాన్నే పట్టుబట్టింది. అందువల్ల ఒకే రోజు, ఒకే పోరులో పోయినవాళ్లు పక్కపక్కనే ఉన్నారు. పేరు ఏ పలకలో, ఏ వరసలో ఉందో చెప్పే పుస్తకం అక్కడే దొరుకుతుంది. పేరు పక్కన వజ్రం గుర్తు ఉంటే మరణం ఖాయమైనట్టు, శిలువ గుర్తు ఉంటే ఆచూకీ లేనట్టు. తర్వాత మరణం రుజువైతే ఆ శిలువ మీదే వజ్రం చెక్కుతారు. (ఆ నల్లరాయి వెళ్లింది బెంగళూరు నుంచే. అద్దంలా మెరుగుపెట్టారు కాబట్టి చదివేవాళ్ల ముఖం పేర్ల మధ్య కనిపిస్తుంది.) అంత జాగ్రత్తపడినా రికార్డుల్లోని తప్పుల వల్ల బతికున్నవాళ్ల పేర్లు కొన్ని అందులో చేరిపోయాయి. రాయి మీద కొట్టివేత కుదరదు కదా!

శత్రువుల పేర్లు కూడా పెట్టాలా? రెండో ప్రపంచ యుద్ధంలో పెద్ద పోరు జరిగిన జపాన్ దీవి ఒకినావాలో 1995లో ఆవిష్కరించిన స్మారకం మీద పెట్టారు. జపాన్, అమెరికా, కొరియా అని చూడకుండా, సైనికుడా పౌరుడా అని అడగకుండా, ఎవరి లిపిలో వాళ్ల పేరు చెక్కారు. ఇప్పుడవి 2,40,000 దాటాయి. అయినా చాలా కొరియా కుటుంబాలు తమవాళ్ల పేర్లు వద్దన్నాయి. బలవంతంగా పట్టుకెళ్లిన జపాన్ సైన్యం పక్కనే తమ బిడ్డ పేరు ఉండడం వాళ్లకు మింగుడుపడలేదు. వాళ్లది మొండితనమని నేననను.

పెరూ రాజధాని లీమాలో, సర్కారుకూ తిరుగుబాటుదారులకూ మధ్య జరిగిన అంతర్గత పోరులో పోయినవాళ్ల కోసం కట్టిన 'ఏడ్చే కన్ను' స్మారకం కథ ఇంకా చేదు. అక్కడ పేర్లు నదిరాళ్ల మీద రాశారు. జైల్లో చనిపోయిన తిరుగుబాటుదారుల పేర్లూ వాటిలో ఉన్నాయని 2007 నాటికి పెద్ద రగడైంది. దాడి చేసినవాళ్లు రంగు పోసి, రాళ్లు పగలగొట్టారు. చంపినవాడే హతుడు కూడా అయితే అతని పేరు ఉండాలా, వద్దా అన్నది అన్ని పక్షాల కుటుంబాలనూ కూర్చోబెట్టి ముందే తేల్చుకోవాలి. చెక్కాక తేల్చుకుందామంటే సుత్తులే తేలుస్తాయి. ఆ రాళ్ల మీది రాత ఎండకు వెలిసిపోయి మళ్లీ రాయాల్సి వచ్చింది. దాన్ని లోపమని ఎందుకనుకోవాలి? మళ్లీ రాయడానికి నలుగురు చేరడమే సగం మందు.

కార్యవర్గానికి నా విన్నపం ఒకటే. రాయికి ఆర్డరివ్వకండి. ముసాయిదా జాబితాను ఏడాదిపాటు కాగితం మీదే అందరికీ కనబడేలా ఉంచండి. ప్రతి పేరు వర్ణక్రమాన్నీ ఆ ఇంటివాళ్లు ఇద్దరి చేత విడివిడిగా సరిచూయించి, రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోండి. ఎవరు చంపారన్న మాట ఫలకం మీదికి రానివ్వకండి, దాని వివరాలకు పక్కన వేరే పుస్తకం పెట్టండి. చివర ఒక పలక ఖాళీగా వదలండి. ఆలస్యంగా దొరికే పేర్లు తప్పకుండా ఉంటాయి. దాతల పేర్లకు వెనక వైపు చాలు.