బెజవాడ పాత టోపో షీట్లను లేఔట్ ఫైల్లో పెట్టాలి

విజయవాడలో స్థలం కొనేవాళ్లు ఈసీ (స్థలం మీద లావాదేవీలు, తాకట్టులు చూపే ధ్రువపత్రం) తీయిస్తారు, లింక్ డాక్యుమెంట్లు లాయర్‌కి చూపిస్తారు. ఆ నేల మీద వాన నీళ్లు ఎటు పారేవో మాత్రం అడగరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను, రాజరాజేశ్వరిపేటను ముంచాక అయినా ఈ ప్రశ్న ముందుకు రావాలి. దీనికి చాలావరకు జవాబు సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లలో, అంటే నేల ఎత్తుపల్లాలు, వాగులు, కట్టలు చూపే మ్యాపుల్లో దొరుకుతుంది.

మన ప్రాంతం 65డి నంబరు షీట్లలోకి వస్తుంది. పాతవి మైలుకు అంగుళం లెక్కన గీసినవి, తర్వాతివి కిలోమీటరుకు 2 సెంటీమీటర్లు. కొండపల్లి దగ్గర గోధుమరంగు కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపేవి) ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, అంటే వాలు ఎక్కువ. ఊరికి ఉత్తరంగా, బుడమేరు కొల్లేరు వైపు సాగే పల్లంలో వాటిని వెతుక్కోవాలి. నేల అంత చదును. అక్కడికి చేరిన వరద తొందరగా పోదు.

ఇక రైలు మార్గం. నిజాం లైను 1889లో బెజవాడ చేరింది, కృష్ణ మీద రైలు వంతెన 1893లో వచ్చింది. షీట్‌లో నల్లగీతకు రెండు పక్కలా చిన్న చిన్న గీతలుంటే లైను కట్ట మీద పోతోందని అర్థం. తర్వాతి షీట్లలో పక్కన ‘3ఆర్’ (3r) అని ఉంటే చుట్టుపక్కల నేల కంటే కట్ట 3 మీటర్లు ఎత్తు. అంత కట్టకు అడ్డంగా వచ్చిన నీళ్లు తూముల్లోంచో, వంతెనల కిందనుంచో పోవాల్సిందే. 2024లో కాజీపేట లైను మీది రాయనపాడు స్టేషనే మునిగింది. కట్ట వల్లే మునిగిందని నేననను. కానీ కాలనీకి అనుమతి ఇచ్చేవాళ్లు కట్టకు ఏ పక్కన ఇళ్లు వస్తున్నాయో, తూము ఎక్కడుందో చూడకపోతే ఎలా?

ఈ షీట్లు గజాల తగాదా తేల్చవు. 50,000లో 1 స్కేల్‌లో ఒక మిల్లీమీటరంటే నేల మీద 50 మీటర్లు. సరిహద్దులకు ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు వారీ కొలతల పుస్తకం) ఉండాల్సిందే. పైగా కృష్ణలో లంకలు మారుతుంటాయి, 1855 నాటి ఆనకట్ట స్థానంలో 1957కి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అందుకే ఒక్క షీట్ చాలదు, వేర్వేరు కాలాలవి పక్కపక్కన పెట్టి చూడాలి.

2021లో కేంద్రం మ్యాపుల మీద ఆంక్షలు బాగా సడలించింది. అమెరికా సైన్యం 1950ల్లో వేసిన పటాలు టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్‌లో ఉచితంగానే ఉన్నాయి. పాత షీట్లను ఇప్పటి వార్డుల మ్యాపు మీద పరిచి, తెలుగు పేర్లతో సచివాలయాల్లో గోడకు పెట్టడం నగరపాలక సంస్థకు పెద్ద ఖర్చు కాదు. లేఔట్ దరఖాస్తుకు ఆ స్థలం ఉన్న మ్యాపు ముక్కను జత చేయడం తప్పనిసరి చేయాలి, వచ్చే వానాకాలం లోపే.