ఉప్పులో ఏదీ బతకదని పిల్లలకు చెప్పకండి మాస్టారూ

బంగాళాదుంపను తొలిచి, అందులో పంచదార నీళ్లు పోసి, మట్టం పెరిగిందా లేదా అని గుండుసూది గుచ్చి చూసే ఆ ప్రయోగం పేరెత్తితే నాకు ఒళ్లు మండుతోంది. ప్రయోగంలో తప్పేం లేదు. కానీ ద్రవాభిసరణం (పల్చటి పొర గుండా నీళ్లు పల్చటి వైపు నుంచి చిక్కటి వైపుకి పోవడం) అంటే పిల్లలకు చివరికి మిగిలేది ఆ దుంప, నీళ్లలో ఉబ్బిన ఎండుద్రాక్ష, రెండు మార్కుల నిర్వచనం. అంతే. మా శ్రీకాకుళం జిల్లా నౌపడ చుట్టుపక్కల, రోడ్డుకి అటూ ఇటూ ఉప్పు మడులే కనిపించే చోట పెరిగే పిల్లలకు కూడా దుంపేనా?

మా మేనకోడలు క్లాసులో అడిగిందట. "ఉప్పు ఎక్కువైతే కణంలో నీళ్లు బయటికి పోయి చచ్చిపోతుందన్నారు కదా సార్, మరి మడుల్లో నీళ్లు ఎండాకాలం ఎర్రగా ఎందుకవుతాయి?" అని. "ఉప్పులో ఏదీ బతకదమ్మా, అందుకే కదా ఊరగాయ ఏడాది నిల్వ ఉండేది, ఆ ఎరుపు మట్టిది అయ్యుంటుంది, కూర్చో" అన్నారట ఆ మాస్టారు. ఊరగాయ వరకు ఆయన మాట నిజమే. మామూలు సూక్ష్మజీవులు అంత ఉప్పులో ఒంట్లో నీళ్లన్నీ పోయి ముడుచుకుపోతాయి. కానీ ఆ ఎరుపు మట్టిది కాదు. దునాలియెల్లా అనే ఆల్గే, ఉప్పంటే ప్రాణం పెట్టే హాలో ఆర్కియా అనే సూక్ష్మజీవులు కలిసి ప్రపంచమంతా ఉప్పు మడులకు వేసే రంగు అది. మా వైపు మడిలో ముసలాయన్ని ఎవరినైనా అడగండి, "నీళ్లు ఎర్రబడితే ఇంకేటి, ఉప్పు దగ్గరకొచ్చీసినట్టే" అంటాడు. ఉప్పునీటి చిక్కదనాన్ని చెప్పే బామే కొలతలో 25 డిగ్రీల దగ్గర ఉప్పు గింజ కట్టడం మొదలవుతుందని పుస్తకం చెబితే, ఆయన రంగు చూసి చెబుతాడు. ఆ రంగు వేసేవి ప్రాణులు అని చెప్పడానికి మాత్రం మన చదువులో ఎవరికీ తీరిక లేదు.

సరే, ఎండలో మరిగే మడి సంగతి పక్కన పెట్టండి. నాకు అసలు మతిపోయింది ధ్రువాల దగ్గర సముద్రం మీద కట్టే మంచు గురించి చదివాక. చలిలో ఉప్పు బాధేమిటి అనుకుంటాం. అక్కడ ఉన్నదే ఉప్పు బాధ.

ఇంట్లోనే చూడొచ్చు. భావనపాడు ఒడ్డు నుంచి ఒక సీసాలో సముద్రపు నీళ్లు పట్టుకొచ్చి, స్టీలు గ్లాసులో పోసి డీప్ ఫ్రీజర్లో పెట్టండి. మంచినీళ్లు గడ్డకట్టే వేళకు ఇవి కట్టవు, మైనస్ 1.8 డిగ్రీల దాకా బెట్టు చేస్తాయి. మొదట అంచుల్లో తెల్లటి మంచు పేరుకుంటుంది, మధ్యలో నీళ్లు నీళ్లుగానే ఉంటాయి. అప్పుడు తీసి ఆ మధ్య నీళ్లు ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటే మొహం చిట్లిపోతుంది. మంచు గడ్డ నీటిని మాత్రమే తనలో చేర్చుకుంటుంది, ఉప్పును బయటికి నెట్టేస్తుంది. నెట్టేసిన ఉప్పంతా మిగిలిన కాసిని నీళ్లలోకి చేరుతుంది. ఇంకాసేపు ఉంచి స్పూనుతో గుచ్చి చూడండి, మంచినీళ్ల ఐసులా గట్టిగా ఉండదు, మెత్తగా దిగబడుతుంది, ఎందుకంటే లోపలంతా ఉప్పునీటి సందులే.

సముద్రపు మంచులోనూ అవే సందులు. వెంట్రుక కూడా దూరనివి కొన్ని, కాస్త వెడల్పువి కొన్ని, అన్నిట్లోనూ గడ్డకట్టని చిక్కటి ఉప్పునీళ్లు. కిలో సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 35 గ్రాములు. మంచు మైనస్ 10 డిగ్రీలకు చల్లబడితే ఆ సందుల్లోని నీటిలో అది 140 గ్రాముల దరిదాపుకి పోతుంది, మైనస్ 20కి 200 దాటిపోతుంది. మన మడుల్లో ఎండ చేసే పనినే అక్కడ చలి చేస్తుంది. మంచు పైభాగం గాలికి ఆనుకుని ఉంటుంది కాబట్టి అక్కడ చలీ ఎక్కువ, ఉప్పూ ఎక్కువ. అడుగు సముద్రానికి ఆనుకుని ఉంటుంది, కాస్త నయం. అందుకే అడుగున ఉన్న కొన్ని సెంటీమీటర్లలోనే ఎక్కువ జనాభా. డయాటమ్‌లు అనే ఒంటికణపు ఆల్గే అక్కడ ఎంత కిక్కిరిసి పెరుగుతాయంటే, ఓడ తాకి మంచు పలక తిరగబడితే అడుగంతా గోధుమ రంగులో కనిపిస్తుంది.

మరి ఇవి ఎలా తట్టుకుంటాయి? బయట ఉప్పు పెరిగితే లోపల కూడా ఏదో ఒకటి పెంచాలి, లేకపోతే నీళ్లు పోతాయి. ఉప్పునే లోపలికి రానిస్తే ప్రోటీన్లు చెడిపోతాయి. హాలో ఆర్కియా అయితే ఒంటి నిండా పొటాషియం నింపుకుని, దానికి తగ్గట్టు తమ ప్రోటీన్లనే మార్చుకున్నాయి, అవి వేరే రకం మొండి ఘటాలు. మంచులోని డయాటమ్‌లు ప్రోలీన్, గ్లైసిన్ బీటైన్, డీఎంఎస్‌పీ లాంటి చిన్న చిన్న పదార్థాలను తయారు చేసుకుని పోగేసుకుంటాయి. ఇవి ఎంత పేరుకున్నా ప్రోటీన్ల జోలికి పోవు, నీటిని మాత్రం లోపల పట్టి ఉంచుతాయి. మడుల్లో దునాలియెల్లా ఇదే పనికి గ్లిజరాల్ వాడుకుంటుంది. మంచులోని డయాటమ్‌లు అక్కడితో ఆగవు. జిగురు లాంటి పదార్థాన్ని ఒంటి చుట్టూ వదులుతాయి. మంచు స్ఫటికాలకు అతుక్కుని వాటి పెరుగుదలను అదుపు చేసే ప్రోటీన్లను కూడా బయటికి పంపుతాయి. దాంతో సందులు పూర్తిగా మూసుకుపోవు. అద్దెకున్న ఇంటి గోడలను తమకు కావలసినట్టు మార్పించుకున్నట్టే, అదీ ఓనర్ని అడక్కుండా!

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ తర్వాతి సంగతి. ఉప్పును తట్టుకోవడం సగం పనే. ఎండలు ముదిరి మంచు కరిగితే, అదే సందులోకి దాదాపు మంచినీళ్లు వచ్చిపడతాయి. మొన్నటిదాకా లోపల కూడబెట్టిందంతా ఇప్పుడు శత్రువే, ఎందుకంటే దాని కోసం నీళ్లు లోపలికి ఎగబడి కణం ఉబ్బి పగిలిపోతుంది. అందుకని పోగేసిన సరుకును గబగబా బయట పారబోయాలి, లేదా లోపలే విరగ్గొట్టుకోవాలి. బయటపడ్డ డీఎంఎస్‌పీని బ్యాక్టీరియా తింటాయి, అందులో కొంత డీఎంఎస్ అనే వాయువుగా మారుతుంది. ఒడ్డున నిలబడితే తగిలే సముద్రపు వాసనలో కొంత వాటా ఈ వాయువుదే. ఫ్రాజిలారియాప్సిస్ సిలిండ్రస్ అనే డయాటమ్ జన్యుక్రమాన్ని 2017లో ప్రచురించారు. దాని జన్యువుల్లో దాదాపు పావు వంతు, జతలో రెండు ప్రతులూ ఒకదానికొకటి బాగా తేడాగా ఉన్నాయట, పరిస్థితిని బట్టి ఒక్కోసారి ఒక్కోటి ఎక్కువ పని చేస్తుందట. రోజుకో రకంగా మారే చోట బతకాలంటే చేతిలో రెండు రకాల పనిముట్లు ఉండటం మంచిదే కదా.

"కంటికి కనబడని వాటితో మనకేటి పని" అని మా బావ అన్నాడు. చలికాలంలో నీళ్లలో తిండి దొరకనప్పుడు క్రిల్ అనే రొయ్యల్లాంటి చిన్న ప్రాణుల పిల్లలు ఆ మంచు అడుగునే గీక్కుని తింటాయి. పెంగ్విన్లకూ నీలి తిమింగలాలకూ తిండి ఆ క్రిల్లే. టీవీలో పెంగ్విన్ను గంటసేపు చూపించేవాళ్లు దాని కాళ్ల కింద మంచులో ఏముందో ఒక్క నిమిషం చూపిస్తే వాళ్ల సొమ్మేం పోదు. మన దేశానికి అంటార్కిటికాలో మైత్రి, భారతి కేంద్రాలున్నాయని పిల్లలతో బట్టీ పట్టిస్తాం, అక్కడ చూడ్డానికి ఏముందో మాత్రం చెప్పం. విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు. మన బళ్ల విహారయాత్రలేమో ఎప్పుడూ పార్కుకే.

నేను అడిగేది పాఠం మార్చమని కాదు, దానికి పెద్ద కమిటీలు కావాలి. దుంప ప్రయోగం అయ్యాక ఇంకో పీరియడ్ ఇవ్వండి. మడుల్లో పని ముమ్మరంగా ఉండేది వేసవి సెలవుల్లో, అదో తంటా. కానీ మార్చికే కొన్ని మడుల్లో నీళ్లు చిక్కబడతాయి. టెక్కలి, సంతబొమ్మాళి వైపు సైన్సు టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. ఎర్ర నీళ్లు, సముద్రపు నీళ్లు సీసాల్లో నేనే తెచ్చిస్తాను. బళ్లో మైక్రోస్కోపు బీరువాలో ఉండి తాళంచెవి కనబడకపోతే, అది ఎవరి దగ్గరుందో వెతికే పూచీ మాత్రం మీదే.