పంచదార ఒక్కదానికేనా శిక్ష?

మా ఇంట్లో పంచదార డబ్బాను అల్మారా పై అరకు బహిష్కరించి మూడు నెలలైంది. అందుకోవాలంటే స్టూలెక్కాలి. దాని స్థానంలో తేనె సీసా, బ్రౌన్ షుగర్ పొట్లం, ఆకు బొమ్మ వేసిన ఒక డబ్బా, తీపి మాత్రల బుడ్డి కొలువుదీరాయి. ఒకర్ని వెళ్లగొట్టి నలుగురిని పిలిచామన్నమాట. ఇంత అన్యాయం జరుగుతుంటే లోకమంతా బెల్లం కొట్టిన రాయిలా ఊరుకుంది కాబట్టి, నిందితురాలి తరఫున నేనే నోరు విప్పాల్సి వస్తోంది.

ముందు తేనెగారి సంగతి. ఆవిడకు 'సహజం' అనే బిరుదుంది. పంచదార అంటే గ్లూకోజు, ఫ్రక్టోజు చెరిసగం కలిసి కాపురం చేస్తున్న జంట. తేనెలో దాదాపు ఆ ఇద్దరే, కాకపోతే ఎక్కువ భాగం విడాకులు పుచ్చుకుని విడివిడిగా ఉంటారు. ఒక టీస్పూను పంచదార సుమారు 4 గ్రాములు, 16 కేలరీలు. అదే స్పూనుతో తేనె 7 గ్రాములు, 21 కేలరీలు. పైగా పంచదార మర్యాదస్తురాలు, స్పూను వంచగానే రాలిపోతుంది. తేనె అలా కాదు. తీగలా సాగుతుంది, తెగదు, కప్పు అంచుకు రాస్తే అక్కడా అంటుకుంటుంది, చివరికి స్పూను వెనకాల ఇంకా మిగిలే ఉంటుంది. వృథా చేయకూడదు కదా, నాకాలి. ఆ నాకుడును ఏ డైట్ చార్టూ లెక్కలో వేయదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు మాత్రం మొహమాటం లేదు. తేనెను, సిరప్‌లను, పండ్ల రసాలను 2015లోనే పంచదార పక్కన ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, అందరూ కలిసి రోజు కేలరీల్లో 10 శాతం దాటొద్దంది.

బ్రౌన్ షుగర్ గురించి ఎక్కువ చెప్పను. కాస్త మొలాసిస్ (చెరకు మడ్డి) అంటిన పంచదారే, ఎండలో తిరిగొచ్చిన అదే మనిషి.

ఆకు బొమ్మ డబ్బాను వెనక్కి తిప్పాను. కళ్లజోడు పెట్టుకుని చదివితే మొదటి పేరు ఎరిత్రిటాల్, అంటే షుగర్ ఆల్కహాల్ అనే జాతి తీపి పదార్థం. బొమ్మలోని ఆకు, స్టీవియా, ఆఖర్న. ఈ షుగర్ ఆల్కహాళ్లు మోతాదు మించితే కడుపులో గడబిడ చేస్తాయి. ఆ గడబిడ బొమ్మ మాత్రం డబ్బా మీద ఎవరూ వేయలేదు.

ఇక మాత్రల వంశ చరిత్ర. 1879లో ఫాల్‌బర్గ్ అనే రసాయన శాస్త్రవేత్త ల్యాబ్ నుంచి వచ్చి చేతులు సరిగా కడుక్కోకుండా భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా తగిలింది, శాకరిన్ పుట్టింది. 1965లో ష్లాటర్ అనే ఇంకో రసాయన శాస్త్రవేత్త కాగితం తీయబోతూ వేలు నాకాడు, ఆస్పర్టేమ్ పుట్టింది. 1976లో లండన్‌లో శశికాంత్ ఫడ్నిస్ అనే పరిశోధకుణ్ణి ఒక రసాయనాన్ని 'టెస్ట్' చేయమంటే 'టేస్ట్' అని విని నాలుక మీద వేసుకున్నాడు. అది పంచదారకు 600 రెట్ల తీపి, సుక్రలోజ్. కేలరీల భయానికి మందు కనిపెట్టింది కడగని చేతులూ, సరిగా వినని చెవీ అన్నమాట.

2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగంవారు ఆస్పర్టేమ్‌ను 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే 2బి జాబితాలో చేర్చారు. కలబంద ఆకు సారం కూడా అదే జాబితాలో ఉంది, ఆ కేసు ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజే ఇంకో నిపుణుల సంఘం, కిలో బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాముల పాత పరిమితి చాలంది. అంటే 70 కిలోల మనిషి దాన్ని దాటాలంటే రోజుకు 9 నుంచి 14 డైట్ డ్రింక్ డబ్బాలకు పైనే తాగాలి. మా ఇంట్లో సగం మంది మొదటి వార్త విన్నారు, మిగతా సగం రెండోది. అంతకు రెండు నెలల ముందే, షుగర్ వ్యాధి ఉన్నవారిని మినహాయించి, బరువు తగ్గడానికి ఈ మాత్రల వంశాన్ని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అది ఎవరూ విన్నట్టు లేదు. పళ్లు పుచ్చవన్న మంచిమాట ఒకటి వీటికి దక్కాలి, ఇచ్చేస్తున్నాను.

నాలుగింటి లేబుళ్లూ పట్టుకెళ్లి డాక్టరుగారి ముందు పరిచాను. "వీటిలో ఏది మంచిదండీ?" అన్నాను.

"రోజుకు ఎన్ని స్పూన్లు వేసుకుంటారు?" అన్నారాయన.

ఏది అని అడిగితే ఎంత అంటారేమిటి? వేరే డాక్టర్ని వెతుకుతున్నాం. ఈలోగా స్టూలు మాత్రం అల్మారా కిందే ఉంది, రోజూ తీసి పెట్టడం ఎందుకని.