వెళ్లగొట్టిన వారి లెక్కల్లోకి తొంగిచూస్తే

యూదు వ్యతిరేకత గురించి చర్చ ఎక్కడ మొదలైనా ఒక జాబితా ప్రత్యక్షమవుతుంది: 1290లో ఇంగ్లండ్, 1394లో ఫ్రాన్స్, 1492లో స్పెయిన్. ఇన్ని రాజ్యాలు వెళ్లగొట్టాయంటే తప్పు వాళ్లలోనే ఉండి ఉండాలన్నది దాని వెనుక వాదన. నిప్పు లేనిదే పొగ రాదనే సామెత ఇలాంటి చోట భలేగా పనికొస్తుంది. అయితే నిప్పు పెట్టిందెవరో సామెత చెప్పదు. ఆ సంగతి రాజుల ఖజానా లెక్కల్లో వెతకాలి.

ఇంగ్లండ్‌నే తీసుకుంటే, క్రైస్తవులు వడ్డీ తీసుకోవడాన్ని చర్చి పాపంగా పరిగణించిన కాలంలో, చాలా వృత్తులు తమకు మూసుకుపోయిన చోట, యూదుల్లో కొందరు అప్పులిచ్చి బతికారు. వారు నేరుగా రాజు రక్షణలో ఉండేవారు కాబట్టి వారిపై ఇష్టమొచ్చినంత పన్ను వేసే అధికారం రాజుదే. జనం వడ్డీ కట్టింది యూదులకే అయినా అందులో పెద్ద వాటా చివరికి ఖజానాకే చేరేది. 1190 మార్చిలో యార్క్‌లో మూకలు వెంటపడితే సుమారు 150 మంది యూదులు కోటలో తలదాచుకున్నారు. చాలామంది తమ ప్రాణాలు తామే తీసుకున్నారు, బయటికి వచ్చినవారిని మూకలు నరికేశాయి. ఆ తర్వాత మూకలు నగరంలోని ప్రధాన చర్చికి వెళ్లి, అక్కడ భద్రపరిచిన అప్పుపత్రాలను తీయించి, ఆ చర్చిలోనే తగలబెట్టాయి. దాడిని నడిపిన వారిలో అప్పుల్లో మునిగిన స్థానిక ప్రభువులు ఉన్నారు. పత్రాలు ఎక్కడున్నాయో వారికి బాగా తెలుసు. నాలుగేళ్లకు ప్రభుత్వం అప్పుపత్రాల నకళ్లను ప్రత్యేకమైన పెట్టెల్లో దాచే ఏర్పాటు చేసింది. ఈసారి ఊచకోత జరిగినా రాజుకు రావాల్సింది మాత్రం పోదు.

1275లో మొదటి ఎడ్వర్డ్ వడ్డీ వ్యాపారాన్నే నిషేధించాడు. వరుస పన్నులతో చితికిపోయిన ఆ సమాజం నుంచి 1290 నాటికి పిండుకోవడానికి మిగిలింది స్వల్పమే. ఆ ఏడాది పార్లమెంటు భారీ పన్నుకు సమ్మతించింది, ఎడ్వర్డ్ యూదులను బహిష్కరించాడు.

అంతమాత్రాన అంతా డబ్బు వ్యవహారమే అనలేము. యూదులు వెళ్లిపోయాక ఇంగ్లండ్‌లో మూడున్నర శతాబ్దాల పాటు వారి బహిరంగ సమాజమే లేదు, అయినా వారిపై అల్లిన కథలు చావలేదు. ద్వేషానికి మూలం మతభేదమే అనుకుంటే స్పెయిన్‌లోని టొలెడో నగరం అడ్డుపడుతుంది: 1449లో అక్కడ, క్రైస్తవం పుచ్చుకున్న యూదుల సంతతి నగర పదవులకు అనర్హులని శాసనం చేశారు. మతం మారినా రక్తం మారలేదన్నారు.

యూదుల పట్ల సానుభూతితోనే చెప్పే ‘అనాది ద్వేషం’ సిద్ధాంతం కూడా నాకు సంతృప్తినివ్వదు. 1264లో పోలండ్‌లోని కలిష్ ప్రాంతపు పాలకుడు యూదులకు రక్షణ పత్రం ఇచ్చాడు. 1492 తర్వాత స్పెయిన్ నుంచి వచ్చినవారిని ఒట్టోమన్ సుల్తాన్ రెండో బయజీద్ ఆదరించాడు. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) రాజప్రాసాదం పక్కనే ఉంది. 1662లో దానికి హాని చేసింది పోర్చుగీసు వారు. 1948 తర్వాత కొచ్చి యూదుల్లో అత్యధికులు ఇజ్రాయెల్ వెళ్లారు, వెళ్లగొట్టినందుకు కాదు. వ్యాపారమే ద్వేషాన్ని పుట్టిస్తుందనుకుంటే కొచ్చి రేవులోనూ పుట్టాల్సింది.

కారణాల చర్చ పుస్తకాలకే పరిమితమై ఉంటే ఇంత రాయనక్కర్లేదు. 1881లో జార్ రెండో అలెగ్జాండర్ హత్య తర్వాత రష్యా సామ్రాజ్యపు నైరుతి ప్రాంతాల్లో యూదులపై దాడులు రైలు మార్గాల వెంట పాకాయి. ప్రభుత్వమే చేయించిందని చరిత్రకారులు చాలాకాలం నమ్మారు. తర్వాతి పరిశోధన దాన్ని గట్టిగా ప్రశ్నించింది. వివాదం లేని విషయం ఒకటుంది: రైతులను యూదులు దోచుకోవడం వల్లే ఇది జరిగిందని అంతర్గత వ్యవహారాల మంత్రి ఇగ్నాత్యేవ్ తేల్చాడు, 1882 మేలో యూదులు పల్లెల్లో కొత్తగా స్థిరపడటాన్ని నిషేధించే చట్టాలు వచ్చాయి. దెబ్బలు తిన్నవారికే శిక్ష. 1914 లోపు సుమారు 20 లక్షల మంది తూర్పు ఐరోపా యూదులు, పేదరికం వల్ల కొంత, భయం వల్ల కొంత, ఊళ్లు విడిచారు. వారిలో ఎక్కువమంది అమెరికా చేరారు, 1924లో ఆ తలుపూ దాదాపు మూసుకుపోయింది.

1938 జూలైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు సమావేశమైనప్పుడు, నాజీల చేతిలో ఉన్న జర్మనీ, ఆస్ట్రియాల నుంచి పారిపోతున్న యూదులకు చోటివ్వడానికి డొమినికన్ రిపబ్లిక్ తప్ప దాదాపు ఎవరూ ఉదారంగా ముందుకు రాలేదు. తమ దేశంలో జాతి సమస్య లేదనీ, దాన్ని దిగుమతి చేసుకునే ఉద్దేశమూ లేదనీ ఆస్ట్రేలియా ప్రతినిధి అక్కడే చెప్పాడు. శరణార్థులు తమ సామాన్లతో పాటు తమపై ద్వేషాన్నీ మోసుకొస్తారన్నది ఆ మాటలోని లెక్క. ఇగ్నాత్యేవ్ లెక్క కూడా అదే.