అద్దె కట్టని ఉత్తరాలు

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేయడానికి ఒక పూట చాలు. ఒక డీసీఎం వ్యాను, నలుగురు కుర్రాళ్ళు, బీరువా దించుతుంటే గోడకు పడ్డ గీత, ఆ గీత పేరు చెప్పి ఓనర్ గారు అడ్వాన్సులోంచి పట్టుకున్న పెయింటింగ్ డబ్బులు. అంతే, సామాను కథ కంచికి. అడ్రసు మాత్రం కదలదు. మీ పేరున వచ్చే ఉత్తరాలు పైసా అద్దె కట్టకుండా పాత ఇంట్లోనే కాపురం ఉంటాయి. వాటిని ఇన్నాళ్ళుగా పోషిస్తున్న ఓనర్లనూ వాచ్‌మన్లనూ ఈ సమాజం శాలువా కప్పి సన్మానించకపోవడం విచారకరం.

వాళ్ళ నిర్వహణ ఒకసారి చూడండి. మెట్ల కింద కరెంటు మీటర్ల పెట్టె, దాని ఇనుప చువ్వల మధ్య నిలువుగా మడిచి దోపిన కవర్లు. ముందు వరసలో ఎల్ఐసీ ప్రీమియం నోటీసు, దాని వెనక బ్యాంకు కవరు, ఆ వెనక నిరుటి వానకు తడిసి, ఎండి, అప్పడమైన క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు. శుభలేఖ మాత్రం అక్కడ కనపడదు. పసుపు అంచులు చూడగానే దానికి పై అంతస్తుకు పదోన్నతి. "మీకేదో వచ్చింది సార్, పోస్టాయన ఇచ్చిపోయిండు, ఏడ పెట్టిన్నో ఏమో" అనే వాచ్‌మన్ మాటే రసీదు. ఓనర్ గారిది ఇంకా పకడ్బందీ పద్ధతి. పెయింటింగ్ లెక్క తేలేదాకా మీ చెక్‌బుక్కు టీవీ స్టాండు సొరుగులో భద్రం.

చట్టం కూడా ఈ మధ్య వాళ్ళకు స్వేచ్ఛ ప్రసాదించింది. పొరపాటున తన చేతికొచ్చిన వేరేవాళ్ళ తపాలాను మోసంగా అట్టేపెట్టుకున్నవాడికి 1898 నాటి తెల్లదొరల పోస్టాఫీసు చట్టం జైలు రాసిపెట్టింది. దాని స్థానంలో 2024 జూన్ 18న అమల్లోకి వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టంలో ఆ నేరాల జాబితాయే లేదు. సొరుగుకు స్వాతంత్ర్యం రావడానికి 126 ఏళ్ళు పట్టిందన్నమాట. పరుల ఆస్తిని దురుద్దేశంతో వాడుకోవడం గురించి భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ ఉందనుకోండి. ప్రీమియం నోటీసు కోసం పోలీస్ స్టేషన్ మెట్లెక్కే వీరుడు ఇంకా పుట్టాలి.

అసలు అద్భుతం వేరే ఉంది. మీకు అందని ఉత్తరం, న్యాయశాస్త్రం కళ్ళకు అందినదే కావచ్చు. సరైన అడ్రసు రాసి, చార్జీ కట్టి రిజిస్టర్డ్ పోస్టులో వేసింది మామూలు గడువులో అందినట్టే భావించమంటుంది 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం, 27వ సెక్షన్. కాదని రుజువు చేసుకునే భారం మీది. చెక్కు బౌన్సు నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజులే గడువు. ఆ 15 రోజులూ నోటీసు మీటర్ల పెట్టెలో గాలి పీల్చుకుంటూ ఉండొచ్చు. నోటీసు నిజంగా అందనివాడు కోర్టు సమన్లు అందిన 15 రోజుల్లో కట్టేసి బయటపడవచ్చని సుప్రీంకోర్టు 2007లో చెప్పింది. ఆ సమన్లు ఏ అడ్రసుకు వెళతాయో అడక్కండి.

ఇంకో చిక్కు. రిజిస్టర్డ్ పోస్టు మనిషిని చూసి ఇచ్చేది, స్పీడ్ పోస్టు అడ్రసు చూసి ఇచ్చేది. 2025 సెప్టెంబర్ 1న మొదటిది రెండోదాంట్లో కలిసిపోయింది. పేరున్న మనిషికే ఇవ్వాలంటే పంపేవాళ్ళు రిజిస్ట్రేషన్ అని అదనంగా 5 రూపాయలు, దానిపై జీఎస్టీ కట్టాలి. కట్టకపోతే సంతకం వాచ్‌మన్‌ది. తపాలా శాఖ డిజిపిన్ కూడా తెచ్చింది: నాలుగు మీటర్ల చదరానికి ఒక పది అక్షరాల కోడు. ఉపగ్రహం మీ గుమ్మం దాకా వస్తుంది. కాకపోతే దానికి అంతస్తులు తెలియవు. 302కీ 402కీ ఒకటే కోడు, ఇద్దరికీ ఒకటే మీటర్ల పెట్టె.

ఇంత సేవ వద్దనే కృతఘ్నులు ఉంటారు కాబట్టి వాళ్ళ కోసం. ఉత్తరాలు మళ్ళించమని అర్జీ పెట్టాల్సింది కొత్త ఏరియాలో కాదు, పాత ఇంటికి బట్వాడా చేసే పోస్టాఫీసులో. సందు చివర ఉన్నదల్లా బట్వాడా ఆఫీసు కాదు, కొన్ని కౌంటర్లకే పరిమితం. అర్జీలో పాత, కొత్త అడ్రసులతో పాటు ఇంట్లో అందరి పేర్లూ రాయండి, మీ ఒక్కరి పేరే రాస్తే మీ ఆవిడ పాన్ కార్డు పాత ఇంటికే వెళుతుంది. ప్రైవేటు కొరియర్లు ఈ అర్జీని ఖాతరు చేయవు. అందుకే మొదట మార్చాల్సింది బ్యాంకులో అడ్రసు. అది మారేదాకా కొత్త కార్డూ, చెక్‌బుక్కూ అడక్కండి. బండి ఆర్సీకి 30 రోజుల గడువు. ఓటుకు ఫారం 8. పాస్‌పోర్టు దరఖాస్తు మధ్యలో ఉంటే ఇల్లు మారే ముహూర్తమే వాయిదా వేసుకోండి, అది మీ చేతికి తప్ప ఇవ్వరు, దొరక్కపోతే వెనక్కి పోతుంది.

ఇక కొత్త ఇంట్లో దిగీ దిగగానే మీటర్ల పెట్టెలో వెనకటి అద్దెవాళ్ళ కట్ట ఒకటి మీకోసం కాచుకుని ఉంటుంది. విప్పకండి. "ఈ అడ్రసులో లేరు" అని కవరు మీద రాసి పోస్ట్‌మ్యాన్‌కు తిరిగి ఇచ్చేయండి. వాళ్ళ పేరున స్పీడ్ పోస్టు వస్తే మొహమాటపడి సంతకం పెట్టకండి, పెడితే రికార్డులో అది చేరినట్టే. ఆ కట్టలో పసుపు అంచుల కవరు ఉంటే మాత్రం తిరగేసి చూడండి, అప్పటికే ఎవరో విప్పి మళ్ళీ అన్నం మెతుకుతో అంటించి ఉంటారు.