మిగిలిన గుడ్లను కడిగి దాచడం గురించి
పెరటి కోళ్ల గుడ్లు మిగిలితే వెంటనే కడిగి దాచుకోవాలని ఒక వ్యాసకర్త ఇచ్చిన సలహాతో నేను ఏకీభవించలేను. పెంకుపై సహజంగా ఉండే పలుచని పొర సూక్ష్మజీవులను లోపలికి పోనివ్వదు; కడిగితే ఆ రక్షణ పోతుంది కనుక, అంటిన మట్టిని పొడిగుడ్డతో తుడిచి, వాడబోయే ముందు మాత్రమే కడగడం మేలు. గుంటూరులో ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో, మందలో పుంజు ఉంటే, బయట వదిలేసిన గుడ్డులో పిండం ఎదగడం మొదలవుతుంది కాబట్టి ఏ పూటవి ఆ పూటే ఫ్రిజ్‌లో పెట్టాలి. మా ఇంట్లో తాజావి అట్లకు వాడి, వారం నిలిచినవి పులుసుకు ఉంచుతాం. తాజా గుడ్డును ఉడికించి ఒలిస్తే పెంకుతోపాటు తెల్లసొన కూడా ఊడివస్తుంది. నిలవ గుడ్డు నున్నగా వస్తుంది, దానికి నిలువుగా నాలుగు గాట్లు పెట్టి చింతపండు పులుసులో మరిగిస్తే ఉప్పుకారాలు లోపలిదాకా పడతాయి.